ప్రత్యేక ఉపాధ్యాయుడు లేని ప్రభుత్వ బడికి పోస్టు ఎలా రాబట్టాలి?

ఒడిశాలోని గుణుపురం దగ్గరి ప్రభుత్వ బడిలో, వినికిడి లోపమున్న మీ బాబుకు పాఠం చెప్పగల ఉపాధ్యాయుడు లేడనీ, సరిహద్దు దాటించి ఆంధ్రలో చేర్చడమొక్కటే దారా అనీ అడిగారు. మేముండేదీ రాయగడ జిల్లాలోనే, మా అమ్మాయిదీ ఇదే సమస్య. బాబును ఎక్కడికి పంపాలో నిర్ణయించే ముందు అతని పేరు ఇక్కడి బడి లెక్కల్లోకి ఎక్కించండి.

ప్రత్యేక ఉపాధ్యాయుల, అంటే దివ్యాంగ పిల్లలకు బోధించే శిక్షణ పొందినవారి, అవసరాన్ని పిల్లల సంఖ్యను బట్టే లెక్కిస్తారు. ఈ ఉపాధ్యాయుల నియామకం గురించిన రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పాక, ప్రాథమిక తరగతుల్లో 10 మంది దివ్యాంగ విద్యార్థులకు ఒకరు, ఆపై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని కేంద్రం 2022 జూన్‌లో నిర్దేశించింది. పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని 2025 మార్చిలో కోర్టు రాష్ట్రాలను మళ్ళీ ఆదేశించింది. అయితే మన ఊళ్ళలో కొందరు పిల్లలను ఆంధ్రలోని పార్వతీపురం వైపు పంపుతారు, కొందరు బడి మాన్పించి ఇంట్లోనే ఉంచుతారు, బడికి వచ్చే కొందరి పేర్ల ఎదుట వైకల్యం నమోదే కాదు. దాంతో ఇక్కడ అవసరమే లేనట్టు కాగితం మీద కనిపిస్తుంది. ఇది నన్ను ఎంతో బాధించే విషయం.

వైద్య పరీక్ష చేయించి యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. ఆంధ్రలో ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం ఉన్నా చెల్లుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం అది దేశమంతటా చెల్లాలి. ఆపై ప్రధానోపాధ్యాయుడు యూడైస్‌లో (బడుల, విద్యార్థుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ వ్యవస్థలో) వైకల్యం వివరం నమోదు చేశారో లేదో మీరే అడిగి చూసుకోండి. పాఠశాల నిర్వహణ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది, పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారుచేసేదీ ఆ కమిటీయే. మేము చుట్టుపక్కల దివ్యాంగ పిల్లల తల్లిదండ్రులను కలుపుకొని, ఎంతమంది పిల్లలున్నారో, ఏ రకం ఉపాధ్యాయుడు కావాలో ఆ ప్రణాళికలో రాయించి, ప్రతిని బ్లాకు, జిల్లా విద్యాధికారులకు రసీదు తీసుకొని ఇచ్చాము. పూర్తికాలపు పోస్టు మాకింకా రాలేదు గాని, అంతవరకూ ఎప్పుడో ఒకసారి కనిపించే రిసోర్స్ టీచరు (బడికి వచ్చి దివ్యాంగ పిల్లలకు సాయపడే ఉపాధ్యాయుడు) ఇప్పుడు నిర్ణీత రోజుల్లో తప్పక వస్తున్నారు.

ఏ రకం ఉపాధ్యాయుడన్నది తప్పక రాయండి. ప్రత్యేక ఉపాధ్యాయులను నమోదు చేసే సంస్థ అయిన భారత పునరావాస మండలి నమోదులో వినికిడి లోపానికి, దృష్టి లోపానికి, మేధోపరమైన వైకల్యానికి వేర్వేరు శిక్షణలుంటాయి. ఒకదానిలో అర్హత పొందినవారు మరొకదానికి సరిపోరు. మన ప్రాంతంలో భాష సమస్య కూడా ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వినే మామూలు పిల్లలు రెండూ నేర్చేసుకుంటారు. వినికిడి యంత్రంతో, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునే బిడ్డకు మాత్రం ఒకే వస్తువుకు రెండు పెదవుల రూపాలు ఎదురవుతాయి. మా అమ్మాయి మొదట్లో రెండు చోట్లా మౌనంగానే ఉండిపోయింది. రిసోర్స్ టీచరు వారం ముందే పాఠంలోని ఒడియా మాటలను బొమ్మలతో పంపితే, ఇంట్లో అవే మాటలు అభ్యాసం చేయించడం వల్ల తేడా కనిపించింది. భారతీయ సంకేత భాషకు తెలుగు, ఒడియా అన్న భేదం లేదు కనుక, బాబుకు అది కూడా త్వరగా మొదలుపెట్టించండి.

ఆంధ్రలో దివ్యాంగ పిల్లలకు శిక్షణ ఇచ్చే ప్రభుత్వ భవిత కేంద్రాలున్నాయి. దగ్గరగా ఉంటే శిక్షణ కోసం వాటిని ఉపయోగించుకోండి, కాని బాబు పేరు మాత్రం ఇక్కడి బడి నుండి తీయించకండి. అధికారుల నుండి సమాధానం రాకపోతే, రసీదుల నకళ్ళు జతచేసి ఒడిశా రాష్ట్ర దివ్యాంగుల కమిషనరుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు.