జాకెట్టు కటింగ్ నేర్పినా సవాబేనా?

ప్రశ్న: అస్సలాము అలైకుమ్. మాది విజయనగరం కంటోన్మెంట్. పదిహేనేళ్లుగా ఇంట్లోనే మిషన్ కుడుతున్నాను. మా వీధిలో ఇద్దరమ్మాయిలు కటింగ్ నేర్పమని వెంటపడుతున్నారు. నేర్పితే సవాబు (అల్లాహ్ ఇచ్చే పుణ్యఫలం) వస్తుందని నా ఆశ. మా అత్తగారేమో "రేపు నీ గిరాకీ వాళ్లే పట్టుకుపోతారు" అంటున్నారు. మదరసాలో చదివే మా అబ్బాయి, ఇల్మ్ (జ్ఞానం) అంటే దీన్‌కి (మతధర్మానికి) సంబంధించిందే, కుట్టుపని ఇల్మ్ కాదంటాడు. ఎవరి మాట వినను?

జవాబు: వ అలైకుముస్సలాం అమ్మా. ముందు అబ్బాయి సంగతి చూద్దాం, అత్తగారి దగ్గరకి నెమ్మదిగా వద్దాం (అక్కడ తొందరపడకూడదు). ఇల్మ్ అనగానే ఉలమాలు (ధార్మిక పండితులు) ముందుగా దీన్ జ్ఞానాన్నే చెబుతారు, నిజమే. కానీ అక్కడితో ఆగిపోతే ప్రవక్త (స) సహచరుడు అబూజర్ (రజి) అడిగిన ప్రశ్న ఏమైనట్టు? ఏ పని ఉత్తమమని ఆయన అడిగారు. ప్రవక్త (స) విశ్వాసం గురించి, బానిసల విముక్తి గురించి చెప్పారు. అంత నావల్ల కాకపోతేనో అని మళ్లీ అడిగితే, పనివాడికి సాయం చెయ్యి, పని చేతకానివాడికి చేసిపెట్టు అన్నారు. బుఖారీ, ముస్లిం అనే రెండు హదీసు (ప్రవక్త మాటలు, చేతల) సంకలనాల్లోనూ ఉందిది. చేతకానివాళ్లకి చేసిపెట్టడమే మంచిపనైతే, చేతనయ్యేలా నేర్పడం తక్కువదవుతుందా?

మదీనా ఖర్జూరం రైతుల సంగతి కూడా మీవాడికి చెప్పండి. వాళ్లు మగచెట్టు పుప్పొడి తెచ్చి ఆడచెట్టు పూతకి పెట్టేవారు. దానివల్ల ఉపయోగం ఉంటుందనుకోను అన్నారు ప్రవక్త (స). వాళ్లు మానేశారు, కాపు తగ్గింది. అప్పుడాయన "మీ ప్రాపంచిక విషయాలు మీకే బాగా తెలుసు" అన్నారు. రైతు చేతిలో ఉన్న తెలివికి అంత విలువిచ్చారన్నమాట. ఇక బద్ర్ యుద్ధం, హిజ్రీ 2, అంటే క్రీ.శ. 624. పట్టుబడ్డ మక్కావాళ్లలో విడుదల సొమ్ము కట్టలేనివాళ్లు మదీనా పిల్లలకి చదవడం, రాయడం నేర్పి విడుదలయ్యారని సీరత్ (ప్రవక్త జీవితచరిత్ర) పుస్తకాల్లో ఉంది. నేర్పింది ఉత్త అక్షరాలు, నేర్పినవాళ్లు ముస్లింలు కూడా కాదు.

అత్తగారి భయాన్ని మాత్రం కొట్టిపారేయను. అడిగినప్పుడు ఇల్మ్ దాచినవాడికి నిప్పు కళ్లెం వేస్తారన్న హదీసు చూపించి మిమ్మల్ని ఎవరైనా బెదిరిస్తే టెన్షన్ పడకండి, అది ముఖ్యంగా జనానికి అవసరమైన దీన్ విషయాల గురించి. మీ పని మీ జీవనాధారం. ఫీజు తీసుకుని నేర్పండి, తప్పేం లేదు. ఒకవేళ వాళ్లలో ఒకమ్మాయి మరీ లేనిదైతే, అది మీకూ అల్లాహ్‌కీ మధ్య. అయినా పోయిన రంజాన్‌లో ఆఖరి పది రోజులు ఎన్ని గుడ్డలు "నావల్ల కాదమ్మా" అని వెనక్కి పంపారో అత్తగారికే గుర్తుచేయండి, హుక్కులు కుట్టడానికైనా ఇద్దరు తోడుంటే ఎలా ఉండేదో ఆవిడే లెక్కేసుకుంటారు. ఒక్కటి మాత్రం అడుగుతాను. నేర్పితే పూర్తిగా నేర్పండి. చంక దగ్గర పట్టేయకుండా ఎంత గుడ్డ వదలాలో ఆ ఒక్కటీ దాచుకుని మిగతాదంతా చెప్పేవాళ్లని చూశాను, దానికంటే నేర్పననడమే నయం.

ప్రశ్న: ఆరోగ్య చిట్కాలు వాట్సాప్‌లో రోజూ పదిమందికి పంపుతుంటాను. ఇదీ సదఖాయే (దానధర్మమే) కదా? (శ్రీకాకుళం పాఠకుడు)

జవాబు: మీరు సరిచూసుకున్నదైతే, అవును. విన్నదల్లా చెప్పడమే మనిషి అబద్ధమాడాడనడానికి చాలని కూడా హదీసు ఉంది, ఫార్వర్డ్ నొక్కేముందు అది గుర్తుంచుకోండి. ఉదాహరణకి విరేచనాలకి తాగించే ఉప్పు, పంచదార నీళ్ల సంగతే తీసుకోండి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, అన్నీ తలకొట్టి (చెంచా అంచుకి సమంగా) కొలవాలి. ఉప్పు ఎక్కువైతే పసిబిడ్డకి ప్రమాదం. మీకొచ్చిన మెసేజ్‌లో ఈ లెక్క ఉందా, "కొంచెం ఉప్పు" అనే ఉందా? అలా ఉంటే పంపకండి. పక్కింటికెళ్లి, చెంచాతో కొలిచి ఒకసారి కలిపి చూపించండి. బిడ్డ నీరసపడితే ఆసుపత్రికి తీసుకెళ్లమని కూడా చెప్పి రండి.