కాయా, పావా, ముక్కా?

సందేహం: బడిపిల్లల కోసం చెకర్స్ ఆట నియమాలు తెలుగులో రాస్తున్నాను. ఒక్కొక్కరికి 12 'ముక్కలు' అని రాస్తే, మా తోటి టీచర్ 'పావులు' అనాలన్నారు. మా అమ్మ 'కాయలు' అంటుంది. ఎదుటివారి ముక్క మీదుగా దూకి దాన్ని తీసేయడాన్ని 'బంధించడం' అనవచ్చా? – ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

సమాధానం: మీ అమ్మగారి మాటే నాకు నచ్చింది. ముక్క పేకాటది, దాన్ని అక్కడే ఉండనివ్వండి. పావు చదరంగంలో స్థిరపడ్డ మాట, ఇక్కడ వాడినా తప్పుపట్టను.

కాయ సంగతి మాత్రం కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. వెనకటి రోజుల్లో జూదమాడింది నిజంగా కాయలతోనే. ఋగ్వేదం పదో మండలంలో ఒక జూదరి తన గోడు వెళ్లబోసుకునే సూక్తం ఉంది, 34వది. అందులోని పాచికలు తానికాయలు. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికాయలతో పాటు పడుతుందే, ఆ తానికాయే. సంస్కృతంలో 'అక్షం' అంటే పాచిక, తానిచెట్టుకూ అదే పేరు. ఇది మనసులో పెట్టుకుని నన్నయగారి అరణ్యపర్వంలో నలోపాఖ్యానం మళ్లీ చదవండి. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి రథం తోలుతుంటాడు, దారిలో ఋతుపర్ణుడు ఒక చెట్టును చూసి దాని ఆకులూ కాయలూ ఎన్నో చెప్పేస్తాడు, నలుడు రథం ఆపి లెక్కపెడితే సరిగ్గా అన్నే ఉంటాయి, గుర్రాల మర్మం తెలిపే అశ్వహృదయానికి బదులుగా పాచికల మర్మం తెలిపే అక్షహృదయం నేర్చుకుంటాడు, అప్పుడు అతన్ని పట్టిపీడిస్తున్న కలి అతన్ని వదిలి ఆ చెట్టులోనే దూరతాడు. ఆ చెట్టు తానిచెట్టు! పాచికల కిటుకు తెలిసింది పాచికలు కాసే చెట్టు కిందే. మరో చెట్టయితే కథలో సగం బలం పోయేది. మన పాఠ్యపుస్తకాలు దాన్ని 'ఒక చెట్టు' అని వదిలేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

అష్టాచెమ్మా కాయ ఆ తానికాయ నుంచే వచ్చిందని నేననను. మన ఇళ్లల్లో చింతగింజ పెట్టినా, గాజుముక్క పెట్టినా, పుల్ల విరిచి పెట్టినా అది కాయే. ఆ పేరుతో పాటు ఆట భాషంతా వచ్చింది, కాయ నడుస్తుంది, చస్తుంది, నడిమింట్లోకి చేరితే పండుతుంది. ఇప్పుడు ఫోన్లో లూడో ఆడే పిల్లలు 'నా టోకెన్ హోమ్‌కి వెళ్లింది' అంటున్నారు. పండింది అనడానికి ఏం నొప్పి?

ఇక 'బంధించడం'. అది వద్దు. పులిజూదం చూడండి, 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని చంపుతుంది, మేకలు చుట్టూ చేరి పులిని కదలకుండా బంధిస్తాయి. చచ్చిన మేక బయటికి పోతుంది, బందీ అయిన పులి ఉన్నచోటే ఉంటుంది. చెకర్స్‌లోనూ ఈ రెండూ ఉన్నాయి, కాయలుండీ కదలడానికి దారిలేనివాడు ఓడినట్టే కదా. నిఘంటువు తిరగేసి 'క్యాప్చర్'ను బంధించడం చేసేస్తే, ఈ రెండోదానికి మీ దగ్గర మాట మిగలదు. కాబట్టి చంపడం అనండి, బడి పుస్తకంలో ఆ మాట ఇబ్బందనుకుంటే 'తీసేయడం' అనండి.

చివరి వరసకు చేరి 'కింగ్' అయిన కాయను పండింది అనవచ్చా? నాకైతే అనాలనే ఉంది. అయితే అష్టాచెమ్మాలో పండిన కాయ ఆటలోంచి తప్పుకుంటుంది, ఇక్కడ ముందుకూ వెనక్కూ నడిచే బలం వచ్చి ఆటలోనే ఉంటుంది. పిల్లలు తికమకపడతారనిపిస్తే 'రాజు' అనండి, అదీ తప్పు కాదు.

మీ రాతలో ఇంకొకటి సరిచూసుకోండి. 'దూకే వీలుంటే దూకవచ్చు' అని చాలామంది రాస్తారు. ఇంట్లో సరదాగా ఆడేటప్పుడు ఎలా ఆడినా, అసలు నియమం ప్రకారం దూకడం తప్పనిసరి. అక్కడ 'వచ్చు' పనికిరాదు, 'దూకి తీరాలి' అని రాయండి.