దారం పళ్లతో తెంపే అలవాటు మానేదెలా?

ప్రశ్న: నా వయసు 38 ఏళ్లు. పదహారేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడుతున్నాను. మొదటి నుంచీ దారం పళ్లతోనే తెంపుతాను, గుండుసూదులు పళ్ల మధ్య పట్టుకుంటాను. ఈ మధ్య పైవరుసలో ఒక ముందుపన్ను అంచు చిన్న గంటులా అరిగింది. చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది. రోజుకు ఐదారుసార్లు టీ తాగుతాను. పళ్లు పచ్చబడుతున్నాయని గట్టి బ్రష్‌తో, పేస్టు మీద ఉప్పు వేసుకుని రుద్దుతున్నాను. దారం కొరకడం మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నా నోరు ఊరుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక సోదరి, సిరిసిల్ల

సమాధానం: మీరు రాసిన గంటు దర్జీ పని చేసేవారిలో దంతవైద్యులు తరచూ చూసేదే. పంటిపై ఉండే ఎనామిల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం. అయితే అందులో జీవకణాలు ఉండవు కనుక, విరిగిన ఎముక అతుక్కున్నట్టుగా అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. ఏళ్ల తరబడి దారాన్ని ఒకే చోట బిగించి లాగుతుంటే అది సన్నని ఆకురాయిలా అంచును కోసుకుంటూ పోతుంది. కింద ఉన్న డెంటిన్ పొరలో నరం వైపు వెళ్లే అతి సన్నని గొట్టాలుంటాయి. ఎనామిల్ అరిగి అవి బయటపడినప్పుడు చల్లనీళ్లు తగిలితే వాటిలోని ద్రవం కదులుతుంది, ఆ కదలికే మీకు జివ్వుమని తెలుస్తోంది.

అలవాటు మానలేకపోవడాన్ని మీ మనోబలం తక్కువతనంగా దయచేసి అనుకోకండి. మీరు పని చేసే తీరును ఒకసారి గమనించండి. కుట్టు పూర్తవుతుంది, రెండు చేతుల్లోనూ గుడ్డ ఉంటుంది, కత్తెర ఎక్కడో గుడ్డల కుప్ప కింద ఉంటుంది, నోరు మాత్రం దారానికి జానెడు దూరంలో ఉంటుంది. అలాంటప్పుడు ‘కొరకకూడదు’ అని ఎంత గట్టిగా అనుకున్నా పనిలో పడగానే మరచిపోతాం. అందువల్ల దారం తెంపే సాధనాన్ని నోటికంటే దగ్గరగా తెచ్చుకోవాలి. దారాలు కత్తిరించే చిన్న కత్తెరను పొడవాటి నాడాతో మెడలో వేసుకోండి, లేదా మిషన్‌కు కుడివైపు కట్టండి. ఇంట్లో వాడే చాలా మిషన్లలో గుడ్డను నొక్కిపట్టే ఫుట్ బిగించే కడ్డీ వెనకవైపు దారం తెంపుకోవడానికే ఒక చిన్న గాడి ఉంటుంది. మీ మిషన్‌కు ఉంటే గుడ్డను కాస్త వెనక్కి లాగి దారాన్ని అందులో పెట్టి కిందికి లాగితే చాలు, కత్తెర అవసరం కూడా రాదు. కొత్త అలవాటు కుదురుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు పరిశీలించినప్పుడు అది మనిషిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల వరకు ఉంటుందని, మధ్యస్థంగా 66 రోజులని తేలింది. మధ్యలో ఒకటి రెండుసార్లు మరచిపోయి కొరికినంత మాత్రాన చేసిందంతా వృథా కాదని కూడా అదే పరిశీలనలో తెలిసింది. కనుక రెండు నెలలకు పైగానే గడువు పెట్టుకోండి.

గుండుసూదుల విషయంలో మాత్రం గడువు వద్దు, ఈ రోజే మానేయండి. పళ్ల మధ్య సూది ఉండగా ఒక్క దగ్గు వచ్చినా, ఎవరైనా నవ్వించినా అది ఊపిరితిత్తుల్లోకి జారిపోయే ప్రమాదం ఉంది. ఎడమ మణికట్టుకు స్పాంజి ముక్కను పట్టీతో కట్టుకుని సూదులు దానికి గుచ్చుకోండి.

ఇక మీరు మేలు అనుకుని చేస్తున్న పనే నాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. డెంటిన్ సహజంగానే పసుపు రంగులో ఉంటుంది. పైనున్న ఎనామిల్ పలుచబడే కొద్దీ ఆ పసుపు బయటకు కనిపిస్తుంది. పచ్చదనం పోవాలని ఉప్పుతో, గట్టి బ్రష్‌తో రుద్దే కొద్దీ పళ్లు మరింత పచ్చగా కనిపించడానికి, చిగుళ్లు పళ్లను వదిలి వెనక్కి జరగడానికి మీరే దారి చేస్తున్నట్టవుతుంది. మెత్తని కుచ్చులున్న బ్రష్‌ను పిడికిలితో కాకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకుని, బఠాణీ గింజంత పేస్టుతో ఉదయం, రాత్రి రెండేసి నిమిషాలు తోమితే చాలు. పేస్టు పెట్టెపై ఫ్లోరైడ్ సుమారు 1000 పీపీఎం అని ఉందేమో చూసుకోండి. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లపై మచ్చలు తెచ్చే నల్గొండ ఫ్లోరోసిస్‌ను గుర్తుచేసుకుని ఫ్లోరైడ్ పేస్టుకు భయపడేవారు నా దగ్గరకు చాలామంది వస్తుంటారు. పళ్లపై ఆ మచ్చలు చిన్నతనంలో, చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులో ఏర్పడతాయి. వాడిన పేస్టును ఉమ్మేసే పెద్దవారికి ఆ భయం అక్కర్లేదు.

టీ మరకలను దంతవైద్యులు క్లీనింగ్‌లో తీసేయగలరు, కానీ అందులోని చక్కెర సంగతి వేరు. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత 5.5 కంటే తగ్గితే ఎనామిల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది, దాన్ని లాలాజలం సరిచేయడానికి అరగంటకు పైగా పట్టవచ్చు. కుడుతూ గుక్క గుక్కగా గంటసేపు తాగే ఒక్క కప్పు, ఐదు నిమిషాల్లో తాగేసే కప్పు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. రెండు మూడు కప్పులకు తగ్గించండి, చక్కెర తగ్గించండి, తాగాక మామూలు నీళ్లతో పుక్కిలించండి.

జివ్వుమనడం తగ్గడానికి పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడవచ్చు, ఫలితం తెలియడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోగా చల్లదనం పోయాక కూడా నొప్పి చాలాసేపు నిలిచినా, రాత్రిపూట దానంతట అదే వచ్చినా, చిగురు వాచినా ఆలస్యం చేయకుండా వెళ్లండి, అది నరం దాకా చేరిందనడానికి సూచన కావచ్చు. అవేవీ లేకపోయినా ఈ నెలలోనే ఒకసారి దంతవైద్యులకు చూపించండి. గంటును పంటి రంగు ఫిల్లింగ్‌తో సరిచేయవచ్చు. వెళ్లినప్పుడు మీరు దర్జీ పని చేస్తారని, దారం కొరికే అలవాటు ఇంకా ఉంటే ఉందని తప్పక చెప్పండి. ఆ మాట తెలియకుండా చేసిన ఫిల్లింగ్ అదే దారం పట్టుకు కొద్ది నెలల్లోనే ఊడిపోవచ్చు.