తెగిన చోటే ఆగిపోకు

అడయారు, చెన్నై

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది. భాష హాయిగా ఉంది, ఆపకుండా చదివించింది. కానీ ‘రేడియేషన్ తగిలితే డీఎన్ఏ తెగుతుంది, దాంతో క్యాన్సర్ వస్తుంది’ అని ఒక్క వాక్యంలో దాటేశావు. అసలు సంగతంతా ఆ కామా దగ్గరే ఉందయ్యా. తెగడం కన్నా తప్పుగా అతుక్కోవడమే పెద్ద ముప్పు.

డీఎన్ఏలో ఒక పోగే తెగితే, ఎదుటి పోగును చూసి కణం బాగుచేసుకుంటుంది. రోజూ వేలసార్లు జరిగే పనే, దానికి ఒక వాక్యం చాలు. రెండు పోగులూ ఒకేచోట తెగితేనే చిక్కు. ఒక గ్రే (ఒంట్లో ఇంకిన రేడియేషన్‌కు కొలమానం) మోతాదు ఎక్స్‌రేకి ఒక్కో కణంలో ఇలాంటివి సుమారు 40 ఏర్పడతాయి. అప్పటికే డీఎన్ఏ రెట్టింపై ఉంటే, పక్కనున్న జంట ప్రతిని చూసి కణం ఉన్నదున్నట్టు నింపుకోగలదు. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువులు పనిచేసేది ఇక్కడే. అవి చెడితే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఎందుకు పెరుగుతుందో ఇక్కడే చెప్పెయ్. ప్రతి లేకపోతే కూ (Ku) అనే ప్రోటీన్లు కొసలను పట్టుకుంటాయి, లైగేజ్ ఎంజైము అతికించేస్తుంది. పని త్వరగా అయిపోతుంది గానీ, ఏ కొస దేనిదో చూసేవాళ్లుండరు.

డీఎన్ఏ చుట్టలైన క్రోమోజోములు రెండు ఒకేసారి తెగితే దీని కొస దానికి అంటుకోవచ్చు. ఇక్కడ నిదానించు. రక్తంలోని లింఫోసైట్లనే తెల్లకణాలను రెండు రోజులు పెంచి, విభజన మధ్యలో మందుతో ఆపి, రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడతారు. మామూలు క్రోమోజోముకు ఒకే నొక్కు, అదే సెంట్రోమియర్. తప్పుగా అతికినదానికి రెండు నొక్కులు కనిపిస్తాయి. దాంతోపాటే నొక్కే లేని తునక ఒకటి మిగులుతుంది. ప్రమాదంలో మనిషికి ఎంత రేడియేషన్ తగిలిందో వీటిని లెక్కపెట్టే అంచనా కడతారు. ఏదైనా ల్యాబులో బతిమాలైనా సరే, ఆ స్లైడు కళ్లారా చూసి రాయి.

కణం విడిపోయేటప్పుడు ఆ రెండు సెంట్రోమియర్లను చెరోవైపు లాగితే, క్రోమోజోము మధ్యలో సాగి మళ్లీ తెగుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. మొక్కజొన్నలో ఈ చక్రాన్ని జన్యుశాస్త్రవేత్త బార్బరా మెక్‌క్లింటాక్ 1930ల చివర్లోనే పట్టుకున్నారు. నొక్కు లేని తునకను లాగేవాళ్లే లేక వెనకబడి, విడిగా చిన్న కేంద్రకంలా ఉండిపోతుంది. ఇలాంటి కణాలు చాలావరకు చచ్చిపోతాయి.

చావని కణాలతోనే భయం. 9, 22 క్రోమోజోములు కొసలు మార్చుకున్నా కణం నిక్షేపంగా విభజన చెందుతుంది, కానీ ఆ అతుకులో బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు పుడుతుంది. దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా అనే రక్తక్యాన్సర్‌కు మూలం అదే. పొట్టిబడిన 22వ క్రోమోజోమును 1960లో ఫిలడెల్ఫియాలో చూశారు. అది ఇచ్చిపుచ్చుకోవడం వల్లేనని 1973లో జన్యుశాస్త్రవేత్త జానెట్ రౌలీ తేల్చారు. ఆ జన్యువు చేసే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ అనే మందు 2001లో మార్కెట్లోకి వచ్చింది.

ఇంత వివరం ఎవరికని అడుగుతావేమో. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి ఇక్కడ మొదలుపెట్టిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కి నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మనవాళ్లు వస్తుంటారు. ‘కరెంటు పెడితే ఇంకో క్యాన్సర్ రాదా?’ అన్నది వాళ్ల భయం. కరెంటంటే వాళ్ల మాటలో రేడియేషన్ చికిత్స. నీ వాక్యం చదివితే ఆ భయం రెట్టింపవుతుంది. చికిత్సలో కావాలనే కణితి డీఎన్ఏను తెంచుతారని, బాగుచేసుకోలేని కణాలు విభజనకు దిగి చస్తాయని, మంచి కణాలు కోలుకోవడానికే మోతాదును రోజుకు కొంచెంగా పంచుతారని రాయి. కొత్త క్యాన్సర్ ముప్పు తక్కువే గానీ సున్నా కాదని కూడా దాచకుండా రాయి. ఆ పేరా తిరగరాసి ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ అన్నయ్య