లా రోక్-గజాక్‌లో పెద్దవాళ్లతో మూడు రోజులు: సమాధానం

జూన్‌లో మూడు రోజులు ఫ్రాన్స్‌లో దొర్దోన్ నది ఒడ్డునున్న లా రోక్-గజాక్‌లో ఉంటున్నామని, నాన్నగారికి మోకాళ్ల నొప్పులని, బాబుకి పదేళ్లని, అందరూ శాకాహారులని రాశారు. టెన్షన్ పడకండి, ఊరు మీకు సరిపోతుంది. కారు మాత్రం ఉండాలి. ఆటోమేటిక్ కావాలంటే ఇప్పుడే బుక్ చేసుకోండి, అక్కడ గేర్ల బళ్లే ఎక్కువ.

పెద్దవాళ్లని ఊరి రేవులోనే గబార్ ఎక్కించండి. ఒకప్పుడు దొర్దోన్ నది మీద వైన్ పీపాలు మోసిన బల్లపరుపు పడవల తరహావి. దాదాపు గంట కూర్చుని కోటలు చూడొచ్చు. ఆ పూట మీరూ బాబూ సెనాక్ ఊరి నుంచి బెనాక్ ఊరి దాకా కనూలో (తెడ్డు వేసే చిన్న పడవలో) వెళ్లండి. ఏటివాలే కాబట్టి తెడ్డు మీద పెద్ద శ్రమ పడదు. బాబుకి ఈత రాకపోతే ఈ ఆలోచన మానేయండి.

కాస్తెల్నో కోటలో రాళ్లు విసిరే పాతకాలం యంత్రాలున్నాయి, బాబు అక్కణ్ణుంచి కదలడు. అయితే అంతా ఎక్కుడే. నాన్నగారికి కొండ మీది ఊరు దోమ్ నయం, పైకి కారు వెళ్తుంది, పైనుంచి లోయంతా కనిపిస్తుంది.

ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో అసలు గుహను 1963లోనే మూసేశారు. మోంటిన్యాక్‌లో చూపించేది నకలే, అయినా వెళ్లండి. అమ్మగారికి శాలువా పెట్టుకోండి, లోపల చల్లగా ఉంటుంది.

తిండికి బుధ, శనివారాల్లో సార్లా సంత: వాల్‌నట్లు, మేక పాల చీజ్, స్ట్రాబెర్రీలు. హోటల్లో 'పొమ్ సార్లాదేజ్' బంగాళాదుంప వేపుడే కదా అని చెప్పేయకండి. వెల్లుల్లి వాసన ఘుమఘుమలాడుతుంది గానీ, వేయించేది బాతు కొవ్వులో. మాంసం వద్దంటే చాలదు, 'సాన్ గ్రెస్ ద కనార్' (బాతు కొవ్వు లేకుండా) అని కూడా చెప్పాలి.