నెట్ పోయిన పావుగంటకల్లా ఏరేటర్లు ఆగిపోతుంటే

ఆకివీడు రొయ్యల చెరువు మీద నెట్ లేనప్పుడు, ఏరేటర్లను (నీళ్లలో గాలి కలిపే మోటార్లను) నడిపే ఈఎస్‌పీ32 వైఫై బోర్డు పావుగంటకోసారి రీబూట్ అయి ఏరేటర్లు ఆగుతున్నాయన్నారు కదండీ. బోర్డు మార్చకండి, అది బాగానే ఉంది. ఆ బోర్డులో నడిచే ఈఎస్‌పీహోమ్ సాఫ్ట్‌వేర్‌లో వైఫై, ఏపీఐ (హోమ్ అసిస్టెంట్‌తో లింకు), ఎంక్యూటీటీ (సందేశాలు పంపే మరో పద్ధతి) మూడింటికీ ‘రీబూట్_టైమౌట్’ డిఫాల్ట్ 15 నిమిషాలు. అంతసేపు కనెక్షన్ దొరక్కపోతే తనంతట తనే రీస్టార్ట్ అవుతుంది. వీటిలో మీరు వాడేవాటన్నిటి కిందా దాన్ని ‘0ఎస్’ (సున్నా సెకన్లు, అంటే ఈ రీస్టార్టే వద్దని) పెట్టండి. ఒక్కటి వదిలేసినా కథ మళ్లీ మొదటికే.

ఏరేటర్ తిరిగి లేవకపోవడానికి కారణం వేరు. బోర్డు మళ్లీ లేచాక స్విచ్ ఆన్‌లో ఉండాలో ఆఫ్‌లో ఉండాలో చెప్పే ‘రీస్టోర్_మోడ్’ డిఫాల్ట్ ‘ఆల్వేస్_ఆఫ్’. దాన్ని ‘ఆల్వేస్_ఆన్’ చేయండి. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ మోటారు ఆగడం కంటే కరెంటు బిల్లు నయం.

ఇంకా గట్టిగా కావాలంటే కాంటాక్టర్ (మోటారుకు కరెంటిచ్చే పెద్ద స్విచ్) కాయిల్ వైరును రిలే ఎన్‌ఓ (మామూలుగా తెరిచి ఉండే కొస) నుంచి తీసి ఎన్‌సీకి (మామూలుగా మూసి ఉండే కొసకి) కలపండి, సెట్టింగుల్లో పిన్ ‘ఇన్వర్టెడ్’ విలువ తిరగేయండి. అప్పుడు బోర్డు చచ్చినా ఏరేటర్ తిరుగుతుంది. అందుకే చెరువులో దిగేముందు ఫోన్లో ఆఫ్ చేస్తే చాలదు, మెయిన్ దించాల్సిందే.

రిలేకి 12వ పిన్ వాడుంటే 26కో 27కో మార్చండి. బూట్ వేళ 12వ పిన్ హైలో (వోల్టేజీతో) ఉంటే బోర్డు ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులే వెళ్లి బోర్డు లేవకపోవచ్చు. అన్నీ అయ్యాక పగటిపూట రౌటర్ 20 నిమిషాలు ఆపి చూడండి.