టామ్‌క్యాట్ లేవడానికి ఐదు నిమిషాలా?

ప్రశ్న: మాది రైస్ మిల్లు. కాంటా, గేట్ పాసులు, బిల్లులు అన్నీ టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్ మీదే నడుస్తాయి. సెంటోస్ 7 లైనక్స్, జావా 8; కేవీఎంలో (ఒకే కంప్యూటర్ మీద పలు మెషిన్లు నడిపే లైనక్స్ సదుపాయం) వర్చువల్ మెషిన్‌గా పెట్టాం. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ లేవడానికి ఐదు నిమిషాలు పడుతోంది. వడ్ల లారీలు కాంటా ముందు బారులు తీరుతున్నాయి. ర్యామ్ 8 జీబీ నుంచి 16కు పెంచినా తేడా లేదు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ముందు సర్వర్ లేచేటప్పుడు ‘టాప్’ కమాండ్ కొట్టి చూడండి. జావా సీపీయూ వాడకం ఒకటి రెండు శాతం దగ్గరే ఉంటే, అది దేనికోసమో ఎదురుచూస్తోందన్న మాట. అలాంటప్పుడు ఎంత ర్యామ్ పోసినా లాభం లేదు. తర్వాత టామ్‌క్యాట్ లాగ్స్ ఫోల్డర్‌లో కేటలీనా లాగ్ తెరిచి ‘సెక్యూర్‌ర్యాండమ్’ (ఊహించలేని అంకెలు తయారుచేసే జావా భాగం) అని వెతకండి. సెషన్ ఐడీల కోసం సెక్యూర్‌ర్యాండమ్ తయారీకి ఇన్ని మిల్లీసెకన్లు పట్టిందని ఒక లైను కనబడుతుంది. అందులో 287,412 అని ఉంటే 4 నిమిషాల 47 సెకన్లు అక్కడే పోయాయి. ఆ లైనే లేకపోతే జబ్బు వేరు: జార్ ఫైళ్ల (జావా కోడ్ మూటల) స్కానింగో, డీఎన్‌ఎస్సో (పేర్లను ఐపీ అడ్రస్‌లుగా మార్చేది) చూడాలి.

లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ టామ్‌క్యాట్ ఎవరూ ఊహించలేని సెషన్ నంబరు ఇవ్వాలి. దానికి కావాల్సిన విత్తనాన్ని (సీడ్, అంటే మొదటి యాదృచ్ఛిక విలువను) జావా 8 మామూలుగా ‘/డెవ్/ర్యాండమ్’ నుంచి తెచ్చుకుంటుంది. కీబోర్డు నొక్కుళ్లు, డిస్కు, ఇంటరప్టుల మధ్య కాలం తేడాల నుంచి లైనక్స్ కర్నెల్ ఈ యాదృచ్ఛికతను (ఎంట్రోపీని) పోగు చేస్తుంది. మీ వర్చువల్ మెషిన్‌కు కీబోర్డు, మౌస్ కదలికలు లేవు, అప్పుడే లేచింది కాబట్టి డిస్కు పనీ తక్కువే. ఎండాకాలం బోరు లాంటిదే ఇది: ఉన్న కాసిన్ని నీళ్లూ తోడేశాక మళ్లీ ఊరే దాకా ఆగాల్సిందే. సెంటోస్ 7లోని 3.10 కర్నెల్‌లో ‘/డెవ్/ర్యాండమ్’ సరిగ్గా అలాగే ఆపేస్తుంది. ‘/ప్రాక్/సిస్/కర్నెల్/ర్యాండమ్/ఎంట్రోపీ_అవైల్’ ఫైలును క్యాట్ చేయండి. నిండు కుండ 4096. మీకు వందకు అటూ ఇటూ కనబడితే కారణం దొరికినట్టే. ఇంకా అనుమానముంటే ఆగిపోయి ఉన్నప్పుడే జేస్టాక్ (జావా థ్రెడ్లు ఎక్కడ నిలిచాయో చూపే కమాండ్) తీయండి. ఒక థ్రెడ్ సీడ్‌జనరేటర్ దగ్గర ఫైలు చదువుతూ నిలబడి ఉంటుంది.

ఈరోజే చేయదగ్గది: టామ్‌క్యాట్ బిన్ ఫోల్డర్‌లో ‘సెట్ఎన్వ్.ఎస్‌హెచ్’ ఫైలు సృష్టించి (మామూలుగా అది ఉండదు) కేటలీనా_ఆప్ట్స్‌లో ఈ విలువ చేర్చండి:

-డిజావా.సెక్యూరిటీ.ఈజీడీ=ఫైల్:/డెవ్/./యూర్యాండమ్

యూర్యాండమ్ అంటే ఎంట్రోపీ కోసం ఆగకుండా అంకెలిచ్చే మరో మూలం. ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టాలి. మొదటి డి ఒక్కటే పెద్దక్షరం. ఆ మధ్య చుక్క అచ్చుతప్పు కాదు. జావా 7 వరకూ చుక్క లేకుండా రాస్తే జావా దాన్ని పట్టించుకోకుండా మళ్లీ ‘/డెవ్/ర్యాండమ్’నే చదివేది. 8లో అది సరిదిద్దారు గానీ చుక్క ఉంటే నష్టమేమీ లేదు. టామ్‌క్యాట్‌ను సెంటోస్ ప్యాకేజీ టూల్ యమ్‌తో వేసుకుని ఉంటే సెట్ఎన్వ్ పనిచేయదు, ‘/ఈటీసీ/టామ్‌క్యాట్/టామ్‌క్యాట్.కాన్ఫ్’లో జావా_ఆప్ట్స్‌కు చేర్చండి. చాలామంది ఇక్కడే పొరబడి ‘చేశాం, ఫలితం లేద’ంటారు. రీస్టార్ట్ తర్వాత పీఎస్ కమాండ్ అవుట్‌పుట్‌లో ఈజీడీ కనబడితేనే మార్పు ఎక్కినట్టు.

అయితే అసలు వైద్యం బోరులో నీళ్లు పెంచడం. వర్ట్-మేనేజర్‌లో (వర్చువల్ మెషిన్లను నిర్వహించే ప్రోగ్రామ్) ఆ మెషిన్‌కు యాడ్ హార్డ్‌వేర్ కింద ఆర్‌ఎన్‌జీ (యాదృచ్ఛిక అంకెల పరికరం) చేర్చి, హోస్ట్ వైపు ‘/డెవ్/యూర్యాండమ్’ ఇవ్వండి. లోపల ఆర్‌ఎన్‌జీ-టూల్స్ ప్యాకేజీ వేసి ఆ అంకెలను కర్నెల్‌కు అందించే ఆర్‌ఎన్‌జీడీ సర్వీసును ఎనేబుల్ చేయండి. అప్పుడు టామ్‌క్యాటే కాదు, ఎస్‌ఎస్‌హెచ్, జీపీజీ తాళాల తయారీ కూడా ఆగదు. ఇంకో మాట: సెంటోస్ 7కు 2024 జూన్ 30తో అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త పంటకు ముందే మారండి. 2020లో వచ్చిన 5.6 కర్నెల్ నుంచి, మొదటిసారి నిండాక ‘/డెవ్/ర్యాండమ్’ ఇక ఆపదు.

ప్రశ్న: మా కాలేజీ ల్యాబులో కొత్త ఉబుంటు సర్వర్ ఉంది. ఎంట్రోపీ ఎప్పుడు చూసినా 256 దాటడం లేదు. ఇది తక్కువ కాదా?
- ఒక లెక్చరర్, మహబూబ్‌నగర్

జవాబు: కొత్త కర్నెల్‌లో నిండు కుండే 256 బిట్లు. ఏమీ చేయనక్కర్లేదు, ఎంట్రోపీ పెంచే హేవెజ్‌డీ ప్రోగ్రామ్ కూడా వద్దు.

ప్రశ్న: ‘/డెవ్/ర్యాండమ్’ను తీసేసి ఆ పేరుతో యూర్యాండమ్‌కు లింకు పెట్టమని ఒకరు చెప్పారు. పెట్టొచ్చా?
- ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: పెట్టకండి. డెవ్ ఫోల్డర్‌ను సిస్టమ్ లేచిన ప్రతిసారీ కర్నెల్ కొత్తగా నింపుతుంది కాబట్టి రీబూట్‌తో మీ లింకు మాయమవుతుంది. ఉన్నంతసేపూ మెషిన్‌లోని ప్రతి ప్రోగ్రామ్‌కూ వాటికి తెలియకుండానే మూలం మార్చేసినట్టవుతుంది. పైన చెప్పిన ఈజీడీ లైను ఒక్క టామ్‌క్యాట్‌కే వర్తిస్తుంది, వద్దనుకుంటే చెరిపేయొచ్చు. సిద్ధం చేసిన ఒక వర్చువల్ మెషిన్‌ను పది కాపీలు తీసి వాడేవారైతే మాత్రం, కాపీ తీసే ముందు ‘/వార్/లిబ్/సిస్టమ్‌డీ/ర్యాండమ్-సీడ్’ను తొలగించండి. లేకపోతే పదీ ఒకే విత్తనంతో మొదలవుతాయి.